మన పళ్లెం – 9: డైట్ చీటీలో మన కూర ఎందుకు లేదు?



పోయిన ఆదివారం సంక్షేమ హాస్టళ్ల మెనూ గురించి రాశాను. దాని మీద జరిగిన చర్చ హాస్టల్ దాటి ఆస్పత్రి దాకా పోయింది. "అన్నా, మా అమ్మకు రాసిచ్చిన డైట్ చీటీ చూడు" అంటూ కొందరు ఫొటోలు పంపారు. బషీర్‌బాగ్, హైదర్‌గూడ, నారాయణగూడ, చిక్కడపల్లి దారుల్లోని క్లినిక్కుల చీటీలే ఎక్కువ. జిల్లాల్లో బస్సెక్కి పెద్ద డాక్టర్ కోసం వచ్చే మనవాళ్లు చేరేది ఈ దారుల్లోకే కదా.

అన్నీ పక్కపక్కన పెట్టుకుని చదివాను. ఒకటి షుగర్ చీటీ, ఒకటి రక్తహీనత చీటీ, ఒకటి కిడ్నీ చీటీ, ఒకటి బరువు తగ్గడానికి. రోగాలు వేరు, తిండి మాత్రం దాదాపు ఒకటే. పొద్దున ఓట్స్ లేదా ఇడ్లీ. పదకొండు గంటలకు మొలకలు, ఒక యాపిల్. మధ్యాహ్నం రెండు పుల్కాలు, పనీర్, కప్పు పెరుగు. సాయంత్రం గ్రీన్ టీ, నాలుగు బాదం గింజలు. రాత్రికి సూప్, సలాడ్. అన్నిటికన్నా అడుగున చిన్న అక్షరాల్లో ఒక లైను: నాన్‌వెజ్ తినేవాళ్లు వారానికి ఒకసారి తోలు తీసిన చికెన్ లేదా చేప తినవచ్చు.

ఆ అడుగు లైనులోనే తెలంగాణను మొత్తం సర్దేశారు. 2014 నాటి కేంద్ర ప్రభుత్వ శాంపిల్ రిజిస్ట్రేషన్ బేస్‌లైన్ సర్వే ప్రకారం మన రాష్ట్రంలో పదిహేనేళ్లు దాటినవాళ్లలో నూటికి 98 మందికి పైగా మాంసం తినేవాళ్లే. దేశంలో అందరికన్నా ముందున్నది మనమే. ఇంత పెద్ద జనం తినే తిండి ఈ ఊరి డైట్ చీటీలో మినహాయింపుగా, దయతలచి ఇచ్చిన అనుమతిగా కనిపిస్తుంది. నూటికి ఒకరిద్దరు తినే తిండి మాత్రం "నార్మల్ డైట్" అవుతుంది.

చీటీలో ఏది రాస్తారో, ఏది వదిలేస్తారో అన్న దానిలో కులం ఉంది. అది రోగి ఒంటి మీద పని చేస్తుంది. ఈ వారం చెప్పదలచుకున్నది అదే.

పుస్తకంలో ఉంది, చీటీలో లేదు

"ఇందులో కులమేమిటి, ఇది సైన్స్" అని వెంటనే ఒకరు అంటారు. మంచిది, సైన్స్ దగ్గరికే పోదాం. దూరం కూడా కాదు, బషీర్‌బాగ్ నుంచి తార్నాక దాకా. అక్కడ జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూరులో చిన్న పరిశోధన కేంద్రంగా మొదలై 1958లో హైదరాబాద్‌కు వచ్చింది. భారతీయ ఆహారాల్లో ఏమేం పోషకాలున్నాయో తేల్చే పట్టికలు తయారుచేసేది ఆ సంస్థే. 2017లో వచ్చిన పట్టికలో 528 ఆహారాలున్నాయి. దేశంలో డైటీషియన్ కోర్సు చదివే ప్రతి విద్యార్థి ముట్టుకోవలసిన పుస్తకం అది.

ఆ పుస్తకం తెరిచి చూడండి. మేక కార్జం ఉంది. బోటి ఉంది. తిల్లి, గుర్దా, గుండె, భేజా ఉన్నాయి. పంది మాంసం ఉంది. గొడ్డు మాంసం ఉంది. మనం పెద్దకూర అని పిలుచుకునేదాన్ని అక్కడి శాస్త్రవేత్తలు ముక్కు మూసుకోకుండా లాబొరేటరీలో పెట్టి, ప్రొటీన్ ఎంత, ఇనుము ఎంత, జింకు ఎంత అని లెక్కగట్టి అచ్చు వేశారు. మరి తార్నాకలో అచ్చయిన కార్జం బషీర్‌బాగ్ క్లినిక్కుకు చేరేలోపు ఎక్కడ జారిపోయింది?

దారిలో మూడు చోట్ల జారిపోయింది. కాలేజీలో నమూనా డైట్ రాయడం నేర్పేటప్పుడు, ఆస్పత్రి కంప్యూటర్లో రెడీమేడ్ చీటీ తయారుచేసి పెట్టినప్పుడు, చివరికి రోగి ఎదురుగా కూర్చున్నప్పుడు. మొదటి రెండు చోట్ల మనం లేము. మూడో చోట ఉన్నాము, కానీ నోరు విప్పలేదు.

"వెజ్జా, నాన్‌వెజ్జా?"

మా చిన్నమ్మకు రక్తం తక్కువ, షుగర్ కూడా ఉంది. రెండేళ్ల కింద ఈ చుట్టుపక్కలే ఒక క్లినిక్కుకు తీసుకుపోయాను. పేరు అనవసరం, ఏ క్లినిక్ అయినా ఇంతే. డాక్టర్ చూశాక డైటీషియన్ గదికి పంపారు. మంచి పిల్ల, ఓపికగానే మాట్లాడింది. "అమ్మా, మీరు వెజ్జా, నాన్‌వెజ్జా?" అని అడిగింది. చిన్నమ్మ "అన్నీ తింటం బిడ్డా" అంది. ఆ పిల్ల ఒక టిక్కు పెట్టి పేజీ తిప్పింది. అంతే. ఐదు నిమిషాల్లో చీటీ చేతికొచ్చింది.

బయటికొచ్చాక అడిగాను, "పెద్దకూర సంగతి చెప్పలేదేం చిన్నమ్మా?" అని. "ఆ పిల్ల ఏమనుకుంటదో! ఆమె ముంగట అదెట్ల చెప్పాలె?" అంది. ఊళ్లో అరవై ఏళ్లు తలెత్తుకుని పనిచేసిన మనిషి, తాను వండుకునే కూర పేరు చెప్పడానికి ఒక గదిలో తల దించుకుంది. ఎవరూ ఆమెను తిట్టలేదు. ఎవరూ ఛీ అనలేదు. ఆ ప్రశ్న అడిగిన తీరులోనే జవాబుకు హద్దు గీసి ఉంది.

వైద్యం వైపు నుంచి చూసినా ఇది పెద్ద తప్పు. పోషకాహార శాస్త్రంలో మొదటి పాఠం, నిన్న పొద్దున లేచినప్పటి నుంచి ఇవాళ పొద్దున దాకా ఏం తిన్నావో, ఎంత తిన్నావో అడిగి రాసుకోవడం. దాన్ని 24 గంటల రీకాల్ అంటారు. వెజ్జా నాన్‌వెజ్జా అన్న ప్రశ్న ఆ పని చేయదు. అది హోటల్లో అడిగే ప్రశ్న.

చెప్పని తిండికి సలహా ఉండదు. ఆ దాపరికం ఎట్లా దెబ్బ కొడుతుందో చూడండి.

రక్తహీనత ఉన్న మనిషికి బీట్‌రూట్, ఖర్జూరం రాసిస్తారు. మాంసంలో, కార్జంలో ఉండే ఇనుము ఆకుకూరల ఇనుముకన్నా ఒంటికి బాగా పడుతుంది. పైగా మాంసంతో కలిపి వండితే ఆకుకూరలోని ఇనుము కూడా ఎక్కువ పడుతుంది. మన ఇళ్లలో పుంటికూర బోటి, తోటకూరలో ఎండు రొయ్యలు కలిపి వండేది రుచికే కావచ్చు, లాభం మాత్రం ఒంటికి కూడా ఉంది. అన్నం తిన్న వెంటనే చాయ్ తాగితే ఆ ఇనుము పట్టడం తగ్గిపోతుంది. మా చిన్నమ్మకు అవసరమైన మాట ఇది: "నువ్వు తినేది మంచిదే, వారంలో ఇన్ని సార్లు తిను, చాయ్ మాత్రం గంట ఆగి తాగు." పైసా ఖర్చు లేని ఈ సలహా ఆమె చీటీలో లేదు. బాదం గింజలున్నాయి.

బి12 అనే విటమిన్ సహజంగా దొరికేది జంతువుల నుంచి వచ్చే ఆహారంలోనే. మన దగ్గర తక్కువ ఖర్చులో అది దండిగా దొరికే కూరలున్నాయి. వాటి పేరెత్తకుండా సూదులు, గోలీలు రాయడం ఎవరికి లాభం?

ఇప్పుడు రెండో వైపు చూడండి, ఇది ఇంకా ముఖ్యం. యూరిక్ యాసిడ్ పెరిగి కీళ్లు వాచినవాడు బోటి, కార్జం, తిల్లి తగ్గించాలి. గర్భిణి కార్జం రోజూ తినకూడదు, విటమిన్ ఎ మితిమీరితే కడుపులో బిడ్డకు మంచిది కాదు. బీపీ ఉన్నవాళ్లకు ఉప్పు పట్టించి ఎండబెట్టిన తునకలు, ఎండు చేపలు, పచ్చళ్లు ప్రమాదం. రక్తం పలుచబడడానికి వార్ఫరిన్ గోలీ వాడేవాళ్లు ఆకుకూరలు ఒకరోజు గంపెడు తిని వారం మానేస్తే మందు లెక్క తప్పుతుంది. తైదల జావ మెత్తగా కాచి తాగితే షుగర్ తొందరగా పెరుగుతుంది, "రాగులే కదా" అని పెద్ద గ్లాసు తాగడానికి లేదు. ఇవన్నీ చెప్పాలంటే ముందు ఆ ఇంట్లో ఏం ఉడుకుతుందో తెలియాలి కదా. అడగని డైటీషియన్ మనకు మంచి తిండినీ చెప్పదు, మన తిండిలోని చెడునూ చెప్పదు.

కిడ్నీ రోగుల కథ ఇంకా ఘోరం. కిడ్నీలు దెబ్బతినడం మొదలైన దశలో ప్రొటీన్ తగ్గించమంటారు. డయాలసిస్ మొదలయ్యాక పెంచాలి, ఎందుకంటే డయాలసిస్‌లో కొంత ప్రొటీన్ పోతుంది. ఒంటి బరువులో కిలోకు రోజుకు ఒక గ్రాము నుంచి 1.2 గ్రాముల దాకా కావాలి. గుడ్డు తెల్లసొన అందుకు చవకైన దారి. కానీ పాత చీటీ పట్టుకుని, డయాలసిస్ మీద ఉండి కూడా గుడ్డు ముట్టకుండా చిక్కిపోయిన మనుషులను నేను చూశాను. వాళ్లకు రెండో చీటీ ఎవరూ రాయలేదు.

మన తిండంతా అమృతమా?

కాదు. మన వాళ్లలో కొందరు నాతో ఇంకో వాదన కూడా చేస్తారు. "బాబాసాహెబే మానుకోమన్నాడు కదన్నా, నువ్వు మళ్లీ దాన్నే పట్టుకుని కూర్చున్నవేంది?" అని.

1927లో మహాడ్‌లో అంబేడ్కర్ మానుకోమన్నది చచ్చిన గొడ్డు మాంసాన్ని. ఊరి గొడ్డు చస్తే మోసుకుపోయి, దాన్నే కూలిగా తీసుకునే బతుకును మానుకోమన్నాడు. అది ఆత్మగౌరవానికి సంబంధించిన పిలుపు. 1948లో "అన్‌టచబుల్స్" పుస్తకం రాసినప్పుడు గొడ్డు మాంసానికీ అంటరానితనానికీ ఉన్న చరిత్రను తవ్వి, ఆ తిండి మీద అసహ్యం ఎట్లా పుట్టించారో చూపించాడు. తిన్నందుకు సిగ్గుపడమని ఆయన ఎక్కడా అనలేదు. ఇవాళ దుకాణంలో కొనుక్కుని, మసాలా వేసి, పిల్లలకు వడ్డించే కూరకూ ఆనాటి వెట్టి కూడుకూ తేడా ఉంది.

కాబట్టి నేను అడిగేది "మా తిండిని పొగడండి" అని కాదు. మా తిండిని లెక్కలోకి తీసుకోండి, మంచి ఉంటే మంచి చెప్పండి, చెడు ఉంటే చెడు చెప్పండి. పనీర్‌కు ఇచ్చే గౌరవమే, అనే అనుమానమే బోటికీ ఇవ్వండి. పనీర్‌లోనూ కొవ్వు ఉందిగా!

ఈ ఊరికి అడిగే అలవాటు ఉండేది

హైదరాబాద్ పోషకాహార వైద్యానికి ఒక మంచి చరిత్ర ఉంది, మనం మరిచిపోతున్నాం. ఒకప్పుడు ఈ దక్కన్ పీఠభూమిలో జొన్నలే ప్రధానంగా తినే పేద కూలీలకు పెల్లాగ్రా అనే జబ్బు వచ్చేది. ఎండ తగిలేచోట చర్మం నల్లబడి పగిలేది, విరేచనాలు, మతి తప్పడం. ప్రపంచమంతా పెల్లాగ్రా అంటే మక్కజొన్న తినేవాళ్ల జబ్బు అనుకునేది. ఇక్కడి డాక్టర్లు తమ రోగులు మక్కలు కాదు, జొన్నలు తింటున్నారని గమనించారు. సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతియా 1960లో లాన్సెట్ పత్రికలో జొన్నలోని లూసిన్ దీనికి కారణం కావచ్చని రాశారు. ఆ సిద్ధాంతం మీద తర్వాత వాదోపవాదాలు జరిగాయి, అది వేరే విషయం. నేను చెప్పేది, వాళ్లు కూలివాడి పళ్లెంలోకి తొంగి చూశారు. చూశారు కాబట్టే ప్రపంచానికి తెలియని సంగతి వాళ్లకు తెలిసింది.

1972లో అదే సంస్థలో జాతీయ పోషకాహార పర్యవేక్షణ బ్యూరో మొదలైంది. దాని బృందాలు ఊళ్లకు పోయి, ఇంట్లో పొయ్యి మీదకు పోయే బియ్యం, పప్పు, కూర తూకం వేసి రాసుకునేవి. ఎవరు ఎంత తింటున్నారో అంచనాతో కాకుండా తక్కెడతో తేల్చేవి. 2015లో ఆ బ్యూరోను మూసేశారు. పేదవాడి వంటింట్లోకి తక్కెడ పట్టుకుని పోయే పని ఆగిపోయింది.

ఫలితం లెక్కల్లో చూడండి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 57.6 మందికి రక్తహీనత ఉంది. ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో నూటికి 70 మందికి ఉంది. నూటికి 98 మంది మాంసం తినే రాష్ట్రంలో ఇంత రక్తహీనత ఏమిటి అని అడుగుతారు కొందరు తెలివిగా. తినేవాళ్లమే, కానీ ఎంత తింటున్నాం? పండక్కి, ఆదివారానికి, చేతిలో డబ్బులున్న రోజున. ఇంట్లో ముందు మగవాడికి, తర్వాత పిల్లలకు, చివర కుండ అడుగున మిగిలిన పులుసు ఆమెకు. సర్వేలో "తింటాం" అని రాయించుకోవడం వేరు, కడుపులోకి పోవడం వేరు. మన వాడలో ఆడమనిషికి డైట్ చీటీ రాసేవాళ్లు ఈ వడ్డన వరస కూడా తెలుసుకోవాలి.

చీటీ కన్నా బస్తా పని చేసింది

టీబీ సంగతి తీసుకోండి. జార్ఖండ్‌లోని నాలుగు జిల్లాల్లో అనురాగ్ భార్గవ, మాధవి భార్గవ, వాళ్ల బృందం ఒక పెద్ద పరిశోధన చేశారు. 2023 ఆగస్టులో లాన్సెట్ పత్రికల్లో వచ్చింది. టీబీ రోగులందరికీ ప్రతి నెలా ఆహారం ఇచ్చారు. కొన్ని ప్రాంతాల్లో రోగి కుటుంబ సభ్యులకు కూడా బియ్యం, పప్పు, విటమిన్ గోలీలు ఇచ్చారు. అట్లా తిండి అందిన కుటుంబాల్లో కొత్తగా టీబీ సోకడం 39 శాతం తగ్గింది. ఊపిరితిత్తుల్లో అంటుకునే రకం టీబీ 48 శాతం తగ్గింది. కొత్త మందు లేదు, కొత్త టీకా లేదు, ఇచ్చింది తిండి మాత్రమే.

ఇంతకన్నా పెద్ద రుజువు ఏం కావాలి తిండి కూడా వైద్యమేనని? మరి మన దేశం టీబీ రోగికి ఏమిస్తోంది? నిక్షయ్ పోషణ్ యోజన కింద 2018 ఏప్రిల్ నుంచి నెలకు 500 రూపాయలు, 2024 నవంబర్ నుంచి 1000 రూపాయలు. పెంచినందుకు సంతోషమే. రోజుకు లెక్కవేస్తే 33 రూపాయలు. కూలికి పోలేక మంచం పట్టిన మనిషికి రోజుకు 33 రూపాయలు. అతని చేతికి "హై ప్రొటీన్ డైట్ తీసుకోవాలి" అని అచ్చు కొట్టిన కాగితం ఇస్తే ఏం చేసుకుంటాడు? ఏ ప్రొటీన్, ఏ దుకాణంలో, ఎంతకు అన్నది ఆ కాగితం మీద ఉండాలి. గుడ్లు రెండు, పల్లీలు గుప్పెడు, పప్పు, వీలైన రోజు పెద్దకూర పావుకిలో ఇంటిల్లిపాదికీ. ఈ మాట రాయడానికి డైటీషియన్ చెయ్యి ఎందుకు ఆగుతోంది?

ప్రభుత్వ పళ్లెం

ప్రైవేటు క్లినిక్ సంగతి వదిలేసి ప్రభుత్వం వడ్డించేది చూద్దాం. 2022లో రాష్ట్ర ప్రభుత్వ ఆస్పత్రుల్లో రోగి భోజనం ఖర్చును రోజుకు 40 నుంచి 80 రూపాయలకు, టీబీ, మానసిక రోగులలాంటి వాళ్లకు 56 నుంచి 112 రూపాయలకు పెంచారు. మంచి పనే. అదే ఏడాది మేలో హైదరాబాద్‌లోని 18 పెద్ద ఆస్పత్రుల దగ్గర రోగి సహాయకులకు ఐదు రూపాయల భోజనం మొదలుపెట్టారు. అంతకుముందు 2014 నుంచే నగరంలో అన్నపూర్ణ క్యాంటీన్లున్నాయి, ఇప్పుడు ఇందిరా క్యాంటీన్లు అంటున్నారు. ఆస్పత్రి వరండాలో తుండు పరుచుకుని పడుకునే మనవాళ్లకు ఆ ఐదు రూపాయల అన్నం ఎంత ఆసరానో నాకు తెలుసు. అశోక్‌నగర్‌లో కోచింగ్ తీసుకుంటూ, చిక్కడపల్లి లైబ్రరీలో పొద్దంతా చదువుకుంటూ, నెలాఖరుకు మెస్ బిల్లు కట్టలేని పిల్లలకు కూడా తెలుసు. దాన్ని నేను చిన్నచూపు చూడను.

కానీ ఒక ప్రశ్న అడగాలి. ఆ వంట హరేకృష్ణ మూవ్‌మెంట్ చారిటబుల్ ఫౌండేషన్ వంటశాల నుంచి వస్తుంది. అక్కడ గుడ్డు ఉడకదు. ప్రజల పన్నులతో, మాంసం తినే ప్రజల కోసం నడిచే పథకంలో గుడ్డు ఎందుకు ఉండకూడదు? ఉండొచ్చని ఇదే రాష్ట్రం రుజువు చేసింది. 2015 జనవరి 1న మొదలైన ఆరోగ్యలక్ష్మిలో గర్భిణులకు, బాలింతలకు అంగన్‌వాడీలో అన్నం, పప్పు, ఆకుకూర, 200 మిల్లీలీటర్ల పాలతో పాటు ఒక గుడ్డు పెడుతున్నారు. ఎవరి మతమూ చెడలేదు. వద్దనేవాళ్లకు అరటిపండు ఇవ్వండి, కావాలనేవాళ్లకు గుడ్డు ఇవ్వండి.

2025 ఉగాది నాడు హుజూర్‌నగర్‌లో రేషన్ సన్నబియ్యం పథకం మొదలైంది. మనిషికి నెలకు ఆరు కిలోలు. దొడ్డుబియ్యం అమ్ముకునే బాధ తప్పింది, ఇంట్లో అందరూ తింటున్నారు. కానీ జాతీయ పోషకాహార సంస్థే 2024 మేలో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో రోజు శక్తిలో ధాన్యాల వాటా 45 శాతం మించకూడదని చెప్పింది. మిగతా సగం పైచిలుకు పప్పు, గుడ్డు, మాంసం, పాలు, కూరలు, గింజల నుంచి రావాలి. బియ్యం ఒక్కటే ఉచితం, మిగతాదంతా బజారులో అయితే పేదవాడి పళ్లెం తెల్లగానే ఉంటుంది. ఆ తెల్లటి పళ్లెం నుంచే షుగర్ వస్తోంది, రక్తహీనతా వస్తోంది. ఒకే ఇంట్లో, ఒకే మనిషిలో రెండూ. మా చిన్నమ్మలాగా.

"ఇది మానెయ్యండి" అనేవాళ్ల బజారు

తెలుగువాళ్లకు డైట్ గురువుల కొరత లేదు. మంతెన సత్యనారాయణరాజు గారు ఉప్పు, నూనె మానెయ్యమన్నారు. వీరమాచనేని రామకృష్ణ గారు అన్నం మానేసి కొవ్వు తీసుకోమన్నారు. ఖాదర్‌వలీ గారు వరి, గోధుమలు వదిలేసి సిరిధాన్యాలు తినమన్నారు. ఒక్కొక్కరికీ లక్షల మంది వినేవాళ్లున్నారు. మన వాడల్లో కూడా ఉన్నారు. ఎవరి మాటలో ఎంత నిజముందో తేల్చడం ఈ వ్యాసం పని కాదు. ముగ్గురిలోనూ ఒక పోలిక మాత్రం చెప్తాను. ముగ్గురూ మానెయ్యమనే చెప్పారు. మానెయ్యడానికి ముందు పళ్లెంలో ఏదో ఒకటి దండిగా ఉండాలి కదా. ఉన్నదాంట్లోంచి తీసెయ్యడం ఉన్నవాళ్ల సమస్య, లేనిదాన్ని తెచ్చి కలపడం మన సమస్య.

తైదల కథ చూడండి. జహీరాబాద్ ప్రాంతంలో దళిత ఆడవాళ్లు డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లో 1980ల నుంచి జొన్నలు, కొర్రలు, సామలు, తైదలు పండిస్తూ విత్తనాలు కాపాడారు. పొలం గట్ల మీద ఎవరూ వేయకుండా మొలిచే ఆకుకూరలను కూడా తిండిగా లెక్కలోకి తెచ్చారు. అప్పుడు అది "మాదిగోళ్ల గటక". 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది, ఢిల్లీ వాటికి "శ్రీ అన్న" అని పేరు పెట్టింది. ఇప్పుడు బషీర్‌బాగ్ సూపర్‌మార్కెట్లో ఆకుపచ్చ ప్యాకెట్లో, మనం కొనలేని రేటుకు దొరుకుతోంది. డైట్ చీటీల్లో మన తిండి కనిపించే ఒకే ఒక్క చోటు అది. పేరు మార్చుకుని, రేటు పెంచుకుని, మనల్ని బయట నిలబెట్టి లోపలికి పోయింది.

పార్లమెంటు 2021లో అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల జాతీయ కమిషన్ చట్టం చేసింది. డైటీషియన్, న్యూట్రిషనిస్ట్ వృత్తులు మొదటిసారి ఒక చట్టం కిందికి వచ్చాయి. ఎవరు ఆ పేరు పెట్టుకోవచ్చు, ఏం చదవాలి, ఎక్కడ నమోదు కావాలి అన్నది ఇక కమిషన్, రాష్ట్ర కౌన్సిళ్లు చూడాలి. 2025 ఏప్రిల్‌లో దేశమంతటికీ ఒకే తరహా పాఠ్యప్రణాళికలు కూడా విడుదలయ్యాయి. మూడు నెలల ఆన్‌లైన్ సర్టిఫికెట్‌తో ప్రొటీన్ పొడి డబ్బాలు అమ్మేవాళ్లకు ముకుతాడు పడితే మంచిదే. కానీ ప్రమాణాలు ఖరారయ్యేటప్పుడు మనం గదిలో లేకపోతే, ఇప్పుడున్న చీటీయే ప్రమాణం అయి కూర్చుంటుంది. అందుకే ఇది ఇప్పుడే మాట్లాడాల్సిన విషయం.

మనం అడగాల్సినవి

ఒకటి. ప్రతి ఆస్పత్రిలో వెజ్, నాన్‌వెజ్ టిక్కు తీసేసి, నిన్న ఏం తిన్నారో రోగి మాటల్లోనే రాసుకోవాలి. బోటి అంటే బోటి, పెద్దకూర అంటే పెద్దకూర, గటక అంటే గటక.

రెండు. సైఫాబాద్ హోమ్ సైన్స్ కాలేజీ మొదలుకుని మన రాష్ట్రంలో పోషకాహారం చదువు చెప్పే ప్రతిచోటా, జాతీయ పోషకాహార సంస్థ పట్టికలోని మాంసాలు, చవక కూరలతో రోగికి డైట్ రాయడం తప్పనిసరి ప్రాక్టికల్ కావాలి. వాడలో, బస్తీలో వారం రోజులు వంటిళ్లు చూసి రావాలి.

మూడు. ప్రతి డైట్ చీటీ అడుగున ఆ తిండికి రోజుకు ఎంత ఖర్చవుతుందో రాయాలి. రోగి రోజు కూలిలో సగం మించితే అది చీటీ కాదు, ఎగతాళి.

నాలుగు. బస్తీ దవాఖానాల దాకా డైటీషియన్ పోస్టులు మంజూరు చేసి, రిజర్వేషన్ ప్రకారం నింపాలి. వందల పడకలకు ఒకరిద్దరితో నడిపిస్తే ఐదు నిమిషాల టిక్కు చీటీయే వస్తుంది. ఆ పిల్లల తప్పు కాదది. వాళ్ల జీతాలు, పని గంటల గురించి కూడా మనమే మాట్లాడాలి.

ఐదు. ఐదు రూపాయల భోజనంలో, ఆస్పత్రి భోజనంలో కోరినవాళ్లకు గుడ్డు.

ఆరు. ఇది మనకు మనం చెప్పుకునేది. ఇంటర్ బైపీసీ పాసైన మన పిల్లలు ఎంబీబీఎస్ సీటు రాకపోతే లోకం మునిగిందనుకుంటారు. పోషకాహారం, డైటెటిక్స్ కోర్సులున్నాయని చెప్పండి. అవతల కుర్చీలో మన పిల్ల కూర్చుంటే, ఇవతల కూర్చున్న తల్లికి కూర పేరు చెప్పడానికి గొంతు తగ్గించాల్సిన పని ఉండదు.

అప్పటిదాకా ఒక పని చేయండి. ఈసారి అమ్మనో నాన్ననో డాక్టర్ దగ్గరికి తీసుకుపోయినప్పుడు, ముందురోజు ఇంట్లో తిన్నదంతా ఒక కాగితం మీద రాసుకుపోండి. చాయ్, గుట్కా, కల్లు కూడా దాచకుండా. వెజ్జా నాన్‌వెజ్జా అని అడిగితే ఆ కాగితం ఇచ్చి, "ఇందులో ఏది ఉంచాలి, ఏది తగ్గించాలి, ఏది కలపాలి చెప్పండి మేడం" అని అడగండి. చాలామంది సంతోషంగా చెప్తారు, వాళ్లు చదువుకున్నది అదే కదా. మొహం చిట్లించినవాళ్లుంటే, ఆ సంగతి కూడా రాయండి. పేర్లు, ఫోన్ నంబర్లు పెట్టకండి, జరిగింది రాయండి చాలు.

మరో మాట. ఇది చదివి ఎవరూ డాక్టర్ రాసిన మందు మానొద్దు, ఉన్నపళంగా తిండి మార్చొద్దు. నేను డాక్టర్ను కాను. అడిగే హక్కు మీకుందని మాత్రమే చెప్తున్నాను.

వచ్చే ఆదివారం గురుకులాల డైట్ ఛార్జీల గురించి. 2024 చివర్లో 40 శాతం పెంచారు, ఎనిమిది నుంచి పది తరగతుల పిల్లలకు నెలకు 1100 రూపాయలు 1540 అయింది. అంటే రోజుకు 51 రూపాయలు. ఆ 51 రూపాయలు గిన్నెలోకి చేరేసరికి ఎంత మిగులుతోందో లెక్కేద్దాం. గురుకులాల్లో చదివినవాళ్లు, వండినవాళ్లు మీ అనుభవాలు పంపండి.

జై భీమ్.